కొంటా జడలు, నా సంచిలో కత్తెర

శబరి ఒడ్డున కొంటాలో ఒక ఆడమనిషి నెత్తిన అమ్మవారు జడలై వెలసిందన్న కబురు రాజమండ్రిలో మా వీధి దాకా వచ్చేసరికి నాకు రెండు అనుమానాలు కలిగాయి. ఒకటి, ఆ జడల వెనుక ఎవడో షావుకారు ఉండి ఉంటాడు. రెండు, ఆ జడ కోస్తే రక్తం కారుతుందన్న మాట ఆ షావుకారే పుట్టించి ఉంటాడు. దువ్వక, కడగక వదిలేసిన జుట్టు అట్టకడుతుంది. అట్టకట్టిన దానికి పసుపు పూసి దేవతను చేస్తారు. ఇలాంటి జడలు నేను మా జిల్లాలోనే మూడు చూశాను. అందులో ఒకదాన్ని, ఆమె ఒప్పుకోగా, నిండు సభలో నా చేత్తో కోశాను. రక్తం రాలేదు, పేలు వచ్చాయి.

అందుకని సంచిలో రెండు పంచెలు, ఒక దుప్పటి, నోటు పుస్తకంతో పాటు దర్జీ దగ్గర సానపట్టించిన కత్తెర కూడా పెట్టుకున్నాను. రాయబోయే వ్యాసానికి పేరు ముందే రాసిపెట్టుకున్నాను: "కొంటా జడల కుట్ర".

ఈ దారిన వెళ్లదలచినవారు కార్తీకంలోనే బయలుదేరాలి. మాఘం దాటితే శబరిలో ఇసుక మేటలు తేలి పడవలు ఆగిపోతాయి. లాంచీ ఉదయం ఆరున్నరకు అన్నారు, ఏడుంబావుకు కదిలింది. కింద కూర్చుంటే ఇంజను వేడి, పైన కూర్చుంటే పొగ. నేను పొగనే ఎంచుకున్నాను. పైనైతే జనం మాటలు వినబడతాయి.

నా పక్కన పొగాకు వ్యాపారి ఒకాయన, ఎదురుగా కొబ్బరికాయల బుట్టతో ఒక ముసలమ్మ. బుట్ట ఎందుకని అడిగితే కొంటా జడల తల్లికని చెప్పింది.

"మొత్తం ఇరవై ఒక్క జడలండీ," అన్నాడు వ్యాపారి. "పౌర్ణమినాడు కదులుతాయి."

"మీరు చూశారా?"

"మా బావమరిది చూశాడు."

"ఆయన స్వయంగా చూశాడా?"

వ్యాపారి కాస్త ఆలోచించాడు. "ఆయన కూడా విన్నాడనుకుంటానండీ."

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నీకేం మొక్కుంది నాయనా?" అంది.

"ఉందమ్మా ఒకటి," అన్నాను. సంచిలో కత్తెర ఉందిగా, అది పూర్తిగా అబద్ధం కాదనుకున్నాను.

మొదటి రాత్రి లాంచీని ఒక రేవులో కట్టేశారు. మరునాడు కొండల నడుమ నది ఇరుకై, నీళ్లు నల్లబడి, ఇంజను చప్పుడు రెండు పక్కల నుంచీ తిరిగి వినిపించింది. సాయంత్రం నాలుగున్నరకు కూనవరం. అక్కడ పూటకూళ్ల ఇంట్లో అన్నం బాగానే ఉంది, పప్పులో మాత్రం పప్పు వెతుక్కోవాలి. కొబ్బరికాయల ముసలమ్మకు అక్కడే జ్వరం తగిలి, బంధువుల ఇంట్లో ఆగిపోయింది. బుట్ట నాకు అప్పగించి, తన పేరున కొట్టించమంది. కాదనలేక తీసుకున్నాను. కుట్ర బయటపెట్టడానికి పోతున్నవాడు చేతిలో ఆరు కొబ్బరికాయలతో బయలుదేరాడు.

మూడో రోజు ఉదయం ఐదున్నరకు శబరిలో గడపడవ. పడవ సోమయ్యది. దొర్ల తెగ మనిషి. తెలుగు, గోండి, హల్బీ ఏది కావాలంటే అది మాట్లాడతాడు. నేను పడవలో ఉన్నంతసేపూ కొబ్బరికాయల వంక చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"ఏంది పంతులూ, మొకం చూస్తే మొక్కేటోని లెక్క లేవు. ఎవల కాయలియ్యి?"

నిజం చెప్పాను. ఆ జడల సంగతి అతనికి ఏం తెలుసునని అడిగాను.

"షావుకారు లారీ నడిపేటోని పెండ్లాం ఆమె. అయిదరాబాదు నుంచి వచ్చిండ్రు. షావుకారు బిడ్డకు జరమొస్తే ఆమె ఎత్తుకుంది, జరం తగ్గింది. ఇగ సూడు, తెల్లారేసరికి అమ్మోరు." గడ నీళ్లలోకి దింపుతూ, "ఆమె మొగుడు జగదల్‌పూర్ పోయి ఇరవై రోజులాయె. బొగ్గుతోటి నడిచే లారీ, యాడనో ఆగిపోయిందంట," అన్నాడు.

నోటు పుస్తకంలో రాసుకున్నాను: షావుకారు, అతని లారీ, అతని బిడ్డ. అంతా నేననుకున్నట్టే ఉంది. ఇంత సులువుగా అనుకున్నట్టు ఉండటం గురించి అనుమానపడాలని మాత్రం నాకు తోచలేదు.

చింతూరు దగ్గర రాత్రి ఆగి, నాలుగో రోజు పదిన్నరకు కొంటా రేవు చేరాం. అక్కడి నుంచి బస్తరు సంస్థానం. సరిహద్దు నాకాలో ముంషీ, అంటే గుమాస్తా, నా సంచి బోర్లించాడు.

"ఏం పని మీద?"

"యాత్ర."

"ఈ కైంచీ ఎందుకు?"

"గడ్డం కత్తిరించుకోవడానికి."

ఆయన నున్నగా గీయించుకున్న నా ముఖాన్ని కాసేపు పరిశీలించాడు. "ఏ గడ్డం?" అన్నాడు. కొబ్బరికాయలు కనబడగానే ముఖం మారింది. "అచ్ఛా, అమ్మవారి దగ్గరికా. ముందే చెప్పరాదూ," అని కత్తెర తిరిగి ఇచ్చేశాడు. ఆ సరిహద్దు నేను దాటింది ఆ ముసలమ్మ భక్తి పుణ్యమే.

ఆ రోజు సంత. రేవు నుంచి బజారు దాకా ఉప్పు బస్తాలు, చింతపండు తట్టలు, ఇప్పగింజలు. కొంటాలో పరాయివాళ్లు దిగడానికి వేరే చోటు లేదు. షావుకారు వీరాస్వామి గారి అరుగే సత్రం. అంటే నా అనుమానితుడి ఇంట్లోనే నాకు బస. ఆయన యాభై ఏళ్ల మనిషి, నిదానంగా మాట్లాడతాడు. మంచినీళ్లు ఇప్పించాడు. ఆయన కొట్లో కొబ్బరికాయలు మనిషెత్తు గుట్టగా పోసి ఉన్నాయి.

"వ్యాపారం బాగున్నట్టుంది," అన్నాను.

"మనదేముంది బాబూ. నమ్మకం వాళ్లది, కొబ్బరికాయ నాది," అన్నాడు ఏమాత్రం సిగ్గుపడకుండా.

కొట్టు పక్క వసారాలో, పీట మీద ఆమె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. పొడగరి, మంచి నలుపు, వెడల్పాటి నుదురు. నుదుటి దగ్గర మొదలై మెడ దాకా నెత్తికి అంటుకుని సన్నని జడలు. ఒక్కొక్క దాని చివర ఎర్రనూలు ముడి. వాటి మీద పసుపు, కుంకుమ, ఎవరో పోసిన దీపపు నూనె. ఈగలు. ముందు పదిహేను మంది చేతులు జోడించుకుని ఉన్నారు. వెనుక షావుకారు భార్య శేషమ్మ, చంకలో మూడేళ్ల పిల్ల, విసనకర్రతో ఈగలు తోలుతూ, "పక్కకు జరగండి, తల్లికి గాలాడనియ్యండి," అంటోంది.

ఇక్కడ నేను ఆగి ఆలోచించవలసింది. అట్టకట్టిన జుట్టు గీత గీసినట్టు వరసల్లో పెరగదు. చివర నూలు ముడి దానంతటది పడదు. ఈ రెండూ నా కళ్లు చూశాయి. కాని నేను నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చింది చూడటానికి కాదు, ఖండించడానికి.

మెట్టెక్కి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. జుట్టంటే ఏమిటో, దేవతలు చర్మం మీద ఎందుకు మొలవరో, కొబ్బరికాయ డబ్బు ఎటు పోతుందో అన్నీ చెప్పాను. నా వెంట వచ్చిన సోమయ్య గోండిలోకి మార్చి చెప్పాడు. నేను పది మాటలంటే అతను రెండే అన్నాడు. జనం మధ్యలో నవ్వారు కూడా. అయ్యాక ఒక రైతు ముందుకొచ్చి, నా చేతిలో ఒక కొబ్బరికాయ పెట్టి ఏదో అడిగాడు.

"నువ్వేనా ఈ అమ్మోరి కొత్త పూజారివి, అని అడుగుతాండు," అన్నాడు సోమయ్య.

నాకు ఒళ్లు మండింది. సంచిలోంచి కత్తెర తీశాను. "ఒక్క జడ కోస్తాను. రక్తం వస్తే నేను ఈ ఊళ్లోనే గుండు చేయించుకుంటాను. రాకపోతే మీరు ఇళ్లకు పోవాలి!" అని ఆమె వైపు వంగాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో దైవత్వమేమీ లేదు. బట్టలు ఉతికి, నీళ్లు మోసిన చెయ్యి.

"ఇడువు," అంది. "నీకు సుత నా జుట్టే దొరికిందా? వీళ్లేమో ఇప్పొద్దంటరు. నువ్వేమో కోస్తనంటవు. నా నెత్తి గురించి నన్నెవరన్న అడిగిన్రా?"

ఇన్నేళ్ల సభల్లో ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. మా జిల్లాలో నేను జడ కోసిన ఆమె నిజంగా ఒప్పుకుందా, లేక సభలో అంతమంది ముందు కాదనలేకపోయిందా? ఆ అనుమానం నాకు అప్పుడు మొదలైంది, ఇంకా వదలలేదు.

"చెప్పమ్మా, అడుగుతున్నాను," అన్నాను కత్తెర దించి.

ఆమె పేరు సకీనా. హైదరాబాదులో హబ్షీ గుర్రపు రౌతుల బస్తీలో పుట్టింది. వాళ్ల ముత్తాతలు సముద్రం అవతలి నుంచి వచ్చిన ఆఫ్రికా మనుషులు. ఆ జుట్టు పుట్టుకతోనే నొక్కులు నొక్కులుగా, చుట్టలుగా ఉంటుంది. మన జుట్టు లాగా విరబోసుకుంటే చిక్కుపడి, ఎండి, విరిగిపోతుంది. అందుకని పాయలు తీసి అల్లుతారు. అల్లడం వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, నేర్పింది.

"రెండు నెల్లకొకపారి ఇప్పాలె," అంది సకీనా. "ఇప్పి, చిక్కు తీసి, కడిగి, నూనె పెట్టి, నెత్తికి కొన్నొద్దులు దమ్ము తీసుకోనిచ్చి, మల్ల అల్లాలె. ఇప్పుడు ఆరో నెల నడుస్తుంది. రాలిన ఎంటికలన్ని లోపల్నే ఉండిపోయినయ్. మొదట్ల ముడి గట్టి పడ్డది. పైనకెళ్లి వీళ్లు పోసే పసుపు, నూనె. ఎనుకదిక్కు నా చేతులకు అందది. ఇప్పుదామంటే సేటమ్మ కాళ్ల మీద పడతది. ఇంట్లకెల్లి పొమ్మంటే నా మొగుని కొలువు పాయె. మా ఆయన లేడు, నేనెక్కడికి పోవాలె?"

శేషమ్మ పిల్లను గట్టిగా పట్టుకుంది. "విప్పితే నా బిడ్డకు మళ్లీ జ్వరం వస్తది. నువ్వు ఎత్తుకున్నాకే తగ్గింది గదా తల్లీ!"

"అమ్మా, అది మూడు దినాల జ్వరం. నేను తడిగుడ్డ ఏసిన, గంజి తాపిన. నా జుట్టు ఏం జెయ్యలె."

నేను చెప్పవలసిన మాట అదే. నేను చెప్పి ఉంటే అరగంట చెప్పి ఉండేవాణ్ని. అయినా శేషమ్మ కదల్లేదు. అప్పుడు సకీనా వెనక్కి తిరిగి తల వంచి, చెవి పైన రెండు జడలను వేళ్లతో పక్కకు తీసింది. "చూడు."

శేషమ్మ చూసింది. నేనూ చూశాను. జడ మొదట్లో చర్మం పుండై చీము పట్టింది. కణత దగ్గర అరచేతి వెడల్పున జుట్టు ఊడి నున్నగా ఉంది. శేషమ్మ పిల్లను షావుకారు చేతికిచ్చి, "నీళ్లు కాస్తా," అని లోపలికి పోబోయింది.

"ఇప్పుడే వద్దమ్మా," అంది సకీనా. "చిక్కు తియ్యకముందు నీళ్లు పోస్తే ముడి రాయైతది. ముందు నూనె, దువ్వెన. గా సన్న పండ్ల దువ్వెన పనికి రాదు. ఎడం ఎడం పండ్లది గావాలె. నాది దార్ల పోయింది."

షావుకారు కొట్లో అన్నీ సన్న పళ్ల దువ్వెనలే. సంతలో చూద్దామని నేను, సోమయ్య బయలుదేరాం. అప్పుడు రెండు గంటలైంది, ఎవరూ భోంచేయలేదు.

సంతలో ఎడం పళ్ల దువ్వెనలకు కొదవ లేదు. కాని అవి తట్టల్లో లేవు, నెత్తుల మీద ఉన్నాయి. కొండల మీంచి వచ్చిన పడుచులు కొప్పుల్లో చెక్క దువ్వెనలు, వెదురు దువ్వెనలు గుచ్చుకుని ఉన్నారు, చెక్కడపు పనితో. ఒక అమ్మాయి కొప్పులో సరిగ్గా కావలసినలాంటిది కనబడింది. అణా తీసి చూపించి, ఆమె దువ్వెన వైపు వేలు చూపి, నా వైపు తిప్పుకుని సైగ చేశాను.

ఆ అమ్మాయి నోరు తెరిచింది. పక్కనున్న నలుగురూ ఒకేసారి కేకలు వేసి నవ్వారు. ఒకడు మాత్రం నవ్వలేదు, భుజాన గొడ్డలి ఉన్నవాడు. సోమయ్య నా చెయ్యి పట్టుకుని అడ్డంగా లాక్కుపోయాడు.

"ఏం పని పంతులూ! ఆ దువ్వెన ఆ పిల్లకు దాని ఇష్టగాడు చెక్కిచ్చింది. దాన్ని నాకియ్యి అన్నవంటే, వాన్నిడిసి నాతోటి రా అన్నట్టు. గా గొడ్డలోడే చెక్కింది!"

"నాకేం తెలుసు?"

"తెల్వకపోతే అడగాలె గదా."

ఒక పూటలో ఇదే మాట నాకు ఇద్దరు చెప్పారు.

చివరికి ఇప్పగింజలు అమ్ముతున్న సుక్కమ్మ అనే ముసలి దొర్ల ఆవిడ, ఈ నవ్వులు విని మమ్మల్ని పిలిచింది. సంగతంతా సోమయ్య చెప్పాడు. ఆవిడ నెరిసిన కొప్పులోంచి నల్లగా నున్నబడిన దువ్వెన తీసింది. ఇచ్చేస్తుందనుకుని చెయ్యి చాచాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది మా ముసలోడు చెక్కింది. వాడు సచ్చి పదేండ్లాయె. ఇది అమ్ముడు గాదు, ఇచ్చుడు గాదు. నేనే వస్త పా. నూనె సుత తెస్త."

తట్ట పక్కామెకు అప్పజెప్పి, ఇప్పనూనె సీసాతో నడిచింది.

సకీనా ఆ నూనె వాసన చూసి ముక్కు చిట్లించింది. వేలి మీద రాసుకుని చూసింది. "సరే, చిక్కగ ఉంది, చిక్కుకు మంచిదే," అంది. తర్వాత నా వైపు చూసి, "పంతులూ, కత్తెర ఇయ్యి," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నవ్వింది. జడల చివర నూలు ముళ్లు నూనెకు బిగుసుకుపోయాయి, వాటిని కత్తిరించడానికి. ఆ ఎర్రనూలు తప్ప ఆ రోజు నా కత్తెర ఇంకేదీ కోయలేదు.

వసారాలోనే కూర్చున్నారు. లోపలికి పోదామని శేషమ్మ అంటే సకీనా ఒప్పుకోలేదు. "అందరు చూడాలె. రేపొద్దున మల్ల వచ్చి ఎవరు మొక్కొద్దు," అంది. కింది నుంచి పైకి, ఒక్కొక్క జడ. ముందు వేళ్లతో, తర్వాత నూనె, తర్వాత దువ్వెన, అదీ చివర నుంచి మొదలుకు. మొదట్లో బిగిసిన ముడి దగ్గర సుక్కమ్మ ముసలి వేళ్లు గింజ ఒలిచినట్టు పని చేశాయి. సకీనా "మెల్లగ, అవ్వా" అనడం, ఆవిడ "ఇంత మెత్తటి జుట్టుకు ఇంత రుబాబా" అనడం. నాకు నూనె గిన్నె పట్టుకునే పని. విప్పిన పాయల నుంచి రాలిన వెంట్రుకలు పిడికెడు పిడికెడు వచ్చాయి. జనం నిలబడి చూశారు. మూడో జడ విప్పేసరికి సగం మంది వెళ్లిపోయారు. ఏడో జడకి కొబ్బరికాయలు తెచ్చినవాళ్లు వాటిని సంచుల్లో పెట్టుకున్నారు. షావుకారు చూస్తూనే ఉన్నాడు. ఆయన ముఖంలో నష్టం వెతికాను. పిల్ల ఆయన మీసం లాగుతోంటే నవ్వుతున్నాడు. ఆయన మీద నా అనుమానం తీరిందని అనను. తీర్చుకోవడానికి ఆధారం దొరకలేదు.

చీకటి పడేసరికి సగం అయింది. మరునాడు ఉదయం ఆరింటికి మళ్లీ మొదలుపెట్టి, పదింటికల్లా ముగించారు. జడలు పద్దెనిమిది. ఇరవై ఒకటి కాదు. శేషమ్మ కుంకుడు పులుసు బాగా పల్చగా చేసి, తానే తల కడిగింది. పుళ్ల మీద వేడినీళ్ల గుడ్డ అద్దింది. కడిగిన జుట్టు ఆరుతూ సకీనా తల చుట్టూ నల్లని మబ్బులా లేచి నిలబడింది. పిల్ల దాన్ని ముట్టుకుని కిలకిల నవ్వింది. శేషమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. నేను బయలుదేరేదాకా వేసి చూస్తూనే ఉంది. వేడి లేదు.

ఇప్పుడే అల్లవద్దని, పుళ్లు మానాక వదులుగా, కణతల దగ్గర లాగకుండా అల్లాలని సకీనా చెప్పింది. పడుకునేటప్పుడు తలకు మెత్తని గుడ్డ కట్టుకోవాలట, లేకపోతే తలగడ నూనె అంతా పీల్చుకుంటుందట. సుక్కమ్మ వచ్చే సంతకు దువ్వెనతో వస్తానంది. నా నోటు పుస్తకంలో ఆ రెండు రోజుల పేజీల్లో కుట్ర గురించి ఏమీ లేదు. పాయలు తీయడం ఎలాగో ఉంది.

ఆ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు సోమయ్య పడవ తిరుగు ప్రయాణం కట్టింది. దిగువకు కనుక పడవ వేగంగా పోతుంది. నేను సంచి సర్దుకుంటుంటే లోపలి నుంచి శేషమ్మ గొంతు వినబడింది.

"సకీనా, అన్నం తిందువు రా, చల్లారిపోతంది."

నేను వచ్చినప్పటి నుంచి ఆమెను శేషమ్మ పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

కూనవరంలో ముసలమ్మకు జ్వరం తగ్గింది. కొబ్బరికాయలు తిరిగి ఇచ్చి, జరిగింది చెప్పాను. కొంచెం నిరాశపడింది. తర్వాత, "పోనీలే, పచ్చడి చేస్తాను, తిని పో," అంది. తిన్నాను, బాగుంది. మరునాడు ఏడు గంటలకు లాంచీ. పైన పొగలో అదే పొగాకు వ్యాపారి.

"విన్నారా?" అన్నాడు నన్ను చూడగానే. "కొంటాలో ఎవడో నాస్తికుడు కత్తెర పట్టుకుపోయాడట. కత్తెర చూపించగానే జడలన్నీ వాటంతటవే విచ్చుకున్నాయట, ఒక్క క్షణంలో!"

"రెండు పూటలు పట్టిందండీ," అన్నాను. "పద్దెనిమిది జడలు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక చెక్క దువ్వెన. నేను అక్కడే ఉన్నాను. నూనె గిన్నె పట్టుకున్నాను."

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. వచ్చేటప్పుడు ఇదే లాంచీలో నేను ఆయన్ను చూసిన చూపే అది. కళ్లారా చూసినవాడి మాటను నమ్మాలని ఇరవై ఏళ్లుగా సభల్లో చెబుతున్నాను. కళ్లారా చూస్తూ కూడా నేను చూడనిది ఆ వసారాలో ఉందని, అది చూడాలంటే ముందు ఆ మనిషిని అడగాలని ఈ ప్రయాణంలో తెలిసింది. ఈయనకు అది ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? రుజువుగా రెండు అరచేతులు ముందుకు చాచాను.

ఆయన వంగి వాసన చూశాడు. "ఇప్పనూనె," అన్నాడు.

"అవును."

చుట్టూ చూసి, గొంతు తగ్గించి, భక్తిగా అడిగాడు: "ప్రసాదమా?"